హెడ్‌సెట్ గంటలకు వార్డు గంటలని సంతకం పెట్టాలా?

గోదావరి జిల్లాల నుంచి ఒక నర్సింగ్ ట్యూటర్ పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు రానివ్వొద్దన్నారు కాబట్టి సారాంశమే ఇస్తున్నాను.

ఆవిడ చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశారు. నడుం నొప్పి వల్ల నైట్ డ్యూటీలు కుదరక ఒక ప్రైవేటు కాలేజీలో ట్యూటర్‌గా చేరారు. రెండో ఏడాది బీఎస్సీ నర్సింగ్ పిల్లలకు అడల్ట్ హెల్త్ నర్సింగ్ చెబుతారు, పాత సిలబస్‌లో మెడికల్ సర్జికల్ అనేవాళ్లం కదా, అది. కాలేజీకి సొంత ఆసుపత్రి ఉంది కానీ పేషెంట్లు తక్కువ. అందుకని పిల్లల్ని కాలేజీ బస్సులో పెద్దాసుపత్రికి పోస్టింగులకు, అంటే వార్డుల్లో పని నేర్చుకోవడానికి, తీసుకెళ్తుంటారు.

ఈ ఏడాది యాజమాన్యం పది వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్లు కొన్నది, కళ్లకు తగిలించుకుంటే వార్డులో ఉన్నట్టే చుట్టూ కనిపిస్తుంది. ఒక గదికి ఏసీ పెట్టించి, అడ్మిషన్ల బ్రోచర్ మొదటి పేజీలో ఆ ఫొటో వేసింది. నడిపించడానికి కంపెనీ ఒక కుర్రాణ్ని పంపింది. తర్వాత ఒకరోజు కరస్పాండెంట్ గారు ఈవిడను పిలిచి, ‘బస్సు డీజిలు, ఆసుపత్రికి కట్టే ఫీజు తడిసి మోపెడవుతున్నాయి. ఈ సెమిస్టర్‌కి పోస్టింగులు సగం చేయండి. మిగతా సగం వీఆర్ గదిలో కూర్చోబెట్టి, లాగ్ బుక్కుల్లో వార్డు గంటలుగానే రాసి సంతకం పెట్టేయండి’ అన్నారట.

ఈలోగా పోస్టింగులో ఒక సంఘటన. వీఆర్‌లో నూటికి 96 తెచ్చుకున్న అమ్మాయికి వార్డు సిస్టర్ కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) మందు ఆంప్యూల్, అంటే చిన్న సీసా, ఇచ్చి సెలైన్ బాటిల్లో కలపమన్నారు. ఆ పిల్ల సిరంజిలోకి లాగి, నేరుగా పేషెంటు చేతి నరానికి పెట్టిన గొట్టం, క్యాన్యులా దగ్గరికి వెళ్లింది. పక్క మంచం దగ్గరున్న సిస్టర్ చూసి గట్టిగా అరిచి చెయ్యి పట్టుకున్నారు. పేషెంటుకు ఏమీ కాలేదు. విషయం ముగ్గురి మధ్యే ఉండిపోయింది. ఇంకో అమ్మాయికి హెడ్‌సెట్ పెట్టుకుంటే చాలు వాంతులు. వార్డులో చక్కగా పనిచేసే ఆ పిల్లకి వీఆర్ మార్కులు అడుగున ఉన్నాయి.

ఇంట్లో చెబితే భర్త ‘సంతకానికేం ఖర్చు? నువ్వు కాకపోతే ఇంకొకరు పెడతారు. హౌస్ లోన్ ఎవరు కడతారు?’ అన్నారు. ‘నేను పాతకాలం మనిషినై వీఆర్‌ని తప్పుపడుతున్నానా? సంతకం పెట్టనా, మాననా? ఆ అమ్మాయి సంగతి పైవాళ్లకు చెప్పాలా? ఉద్యోగం మానేయనా?’ అని అడుగుతున్నారు.

సిస్టర్ గారూ,

మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. మీకు నిద్రపట్టనివ్వనిది సంతకం అని ఉత్తరమంతా కనిపిస్తోంది. కానీ నేను కేసీఎల్ దగ్గర మొదలుపెడతాను. మిగతావి ఒక వారం ఆగినా నష్టం లేదు. ఇది ఆగదు.

మీకు తెలిసిందే అయినా ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. పొటాషియం క్లోరైడ్ 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటుంది. దాన్ని సెలైన్‌లో కలిపి గంటల తరబడి నెమ్మదిగా ఎక్కిస్తే ప్రాణం నిలిపే మందు. సిరంజితో నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు, అదీ చూస్తుండగానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే ఈ గాఢమైన ద్రావణాలను సాధ్యమైనంత వరకు మామూలు వార్డుల్లో ఉంచొద్దనీ, విడిగా దాచి ఇద్దరు సరిచూశాకే వాడాలనీ చెప్పింది. మన వార్డుల్లో ఏం జరుగుతుందో మీకు చెప్పాలా? డిస్టిల్డ్ వాటర్, కేసీఎల్ ఒకే ట్రేలో పక్కపక్కన పడుంటాయి. రెండూ నీళ్లలాగే ఉంటాయి. పేరు చిన్న అక్షరాల్లో, తడి చేత్తో పట్టుకుంటే చెరిగేలా.

కాబట్టి ఆ రోజు జరిగిన దానికి కారణం ఆ అమ్మాయి తప్పు ఒక్కటే కాదు. ట్రేలో ఆ మందు ఉండటం ఒకటి. రద్దీలో ఉన్న సిస్టర్ ఒక స్టూడెంట్‌కి ఒంటరిగా ఆ పని చెప్పడం ఒకటి. కలపడం అంటే ఏమిటో ఆ పిల్ల చేతులతో ఎప్పుడూ చేసి చూడకపోవడం మరొకటి. వీఆర్‌లో ఆమె ఏం చేసి ఉంటుందో ఊహించండి. ల్యాబ్ రిపోర్టు తెర మీద కనిపిస్తుంది. పొటాషియం తగ్గిందని గుర్తుపట్టి, మెనూలో ‘పొటాషియం క్లోరైడ్ ఇవ్వు’ అన్న వరుసను ఎంచుకుంటుంది. పచ్చ టిక్ పడుతుంది. నిర్ణయం సరైనదే, అందుకే 96 వచ్చింది. ఆంప్యూల్ విరవడం, పోర్టు తుడవడం, బాటిల్లోకి ఎక్కించడం, తలకిందులు చేసి బాగా కలపడం, ఇవేవీ ఆ టిక్‌లో లేవు. సరిగ్గా కలపకపోతే మందు అడుగున చేరి మొదటి ధారలోనే ఎక్కువ వెళ్లిపోతుందన్న సంగతి చేత్తో చేసినప్పుడు గుర్తుండేది. పైగా అదే సీను మూడోసారి ఆడితే మార్కులు ఎలాగూ పెరుగుతాయి. పిల్లలకి పేషెంటు కన్నా ముందు సాఫ్ట్‌వేర్ అలవాటవుతుంది.

ఆ అమ్మాయిని విడిగా పిలిచి మాట్లాడండి. ‘ఎందుకలా చేశావు’ అంటే ఏడుస్తుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. ‘సిస్టర్ బాటిల్లో కలపమన్నప్పుడు నీకేం వినిపించింది? ఆంప్యూల్ మీద ఏం చదివావు?’ అని అడగండి. అసలు కారణం అక్కడ దొరుకుతుంది. తర్వాత టేబుల్ మీద ఒక 500 మిల్లీలీటర్ల బాటిల్, రంగు నీళ్లు నింపిన సిరంజి, మార్కర్ పెట్టి క్లాసు మొత్తంతో చేయించండి. కలపాలి, తిప్పాలి, లేబుల్ మీద మందు పేరు, మోతాదు, టైము రాయాలి, పక్కనున్న వాళ్లు పైకి చదివి వినిపించాలి. ఆ వార్డు సిస్టర్ ఒప్పుకుంటే ఒక గంట మీ క్లాసుకు పిలవండి. ఆవిడ అరుపు ఒక ప్రాణం కాపాడింది, ఆ మాట పిల్లల ముందు ఎవరైనా చెప్పాలి.

ఇక పైవాళ్లకు చెప్పాలా అంటే, చెప్పాలి. ఎలా చెప్పాలన్న దాంట్లో మీకు కొంత వెసులుబాటు ఉంది. ఆసుపత్రుల నాణ్యతను చూసే ఎన్ఏబీహెచ్ గుర్తింపున్న చోట ‘నియర్ మిస్’, అంటే త్రుటిలో తప్పిన ప్రమాదం, రాయడానికి ఒక ఫారం ఉంటుంది. లేకపోతే తెల్లకాగితం చాలు. స్టూడెంట్ పేరు లేకుండా ‘కేసీఎల్ ఓపెన్ ట్రేలో ఉంది, స్టూడెంట్ పుష్ చేయబోయింది, సిస్టర్ ఆపారు’ అని నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఇవ్వచ్చు. మీరు భయపడుతున్నట్టు వాళ్లు కోపం తెచ్చుకుని మీ కాలేజీ పోస్టింగులు ఆపే ప్రమాదం కొంత ఉంది. ఆ సిస్టర్‌తో ముందుగా మాట్లాడి ఇద్దరూ కలిసి ఇస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. ఫిర్యాదులా కాకుండా ట్రే సంగతిలా వెళుతుంది. అసలు చెప్పకపోతే మీ పోస్టింగులు భద్రంగానే ఉంటాయి, ఆ ట్రే కూడా అలాగే ఉంటుంది. రేపు అక్కడికి ఇంకో కాలేజీ పిల్ల వస్తుంది, పక్క మంచం దగ్గర సిస్టర్ ఉండకపోవచ్చు.

ఇప్పుడు హెడ్‌సెట్ సంగతి. మీ ఉత్తరంలో దాన్ని ‘బొమ్మలాట’ అన్నారు. ఆ మాట కరస్పాండెంట్ గారి ముందు అనకండి, ఎందుకంటే ఓడిపోతారు. వీఆర్ వల్ల పేషెంట్లకు మేలు జరిగినట్టు గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు 16 మంది సర్జరీ రెసిడెంట్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నిపుణుల స్థాయి వచ్చేదాకా వీఆర్ యంత్రం మీద సాధన చేయించారు. తర్వాత రెండు జట్ల చేతా ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే) పద్ధతిలో పిత్తాశయం ఆపరేషన్లు చేయించి చూశారు. సాధన చేసినవాళ్లు 29 శాతం వేగంగా చేశారు. చేయనివాళ్లు పిత్తాశయాన్ని గాయపరచడం, పక్క కణజాలాన్ని కాల్చడం ఐదు రెట్లు ఎక్కువ. ఇది 2002లో అచ్చయింది. బ్రిటన్‌లో కంటి ఆపరేషన్లను అనుకరించి సాధన చేయించే యంత్రాలు, సిమ్యులేటర్లు, వచ్చాక, శిక్షణ తొలి రెండేళ్లలో ఉన్న సర్జన్ల చేతిలో శుక్లాల ఆపరేషనప్పుడు వెనక పొర చిరిగే కేసులు 2009లో 4.2 శాతం ఉన్నవి 2015కి 2.6 శాతానికి తగ్గాయి. అంటే అంతమంది కళ్లకు ఆ ఇబ్బంది తప్పింది.

అయితే ఈ రెండు చోట్లా ఒక సంగతి గమనించండి. అక్కడివి చేతిలో పరికరాలు పట్టుకుని సాధన చేసే యంత్రాలు. థియేటర్‌లోకి వెళ్లే ముందు అదనంగా చేయించారు. థియేటర్‌కు బదులుగా చేయించలేదు.

బదులుగా చేయించిన అధ్యయనం కూడా ఒకటుంది, అది మన నర్సింగ్‌లోదే. కంపెనీ వాళ్లు మీ కరస్పాండెంట్‌కు దాన్నే చూపించి ఉంటారని నా అనుమానం. అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి పది కాలేజీల్లో కొందరికి క్లినికల్ గంటల్లో 25 శాతం, కొందరికి 50 శాతం సిమ్యులేషన్‌తో (అసలు పేషెంటు లేకుండా అనుకరణతో నేర్పడంతో) నింపి, మామూలుగా చదివినవాళ్లతో పోల్చింది. 2014లో ఫలితాలిచ్చింది. పరీక్షల్లోనూ, ఉద్యోగంలో చేరాక తొలి ఆరు నెలల పనిలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ‘సగం తీసేయొచ్చు’ అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. ఆ సగంలో ఏముందో మాత్రం ఎవరూ చెప్పరు. అది ప్రధానంగా మానికిన్లు (మనిషిలాంటి శిక్షణ బొమ్మలు), పేషెంట్లుగా నటించే మనుషులు, ప్రత్యేకంగా శిక్షణ పొందిన ఫ్యాకల్టీ, ప్రతి సీను తర్వాత పద్ధతిగా జరిగే చర్చ. ఏసీ గదిలో హెడ్‌సెట్ తగిలించి ట్యూటర్ బయటికి వెళ్లిపోవడానికి ఆ అధ్యయనం పూచీపడదు. కరస్పాండెంట్ గారు ఆ కాగితం తీస్తే, ఆధారం లేదని వాదించకండి. ‘ఆ షరతులు మన దగ్గర కూడా పెడదామండీ’ అనండి. చాలామంది యజమానులకు ఆ షరతుల ఖర్చు బస్సు డీజిలు కన్నా ఎక్కువని అప్పుడే తెలుస్తుంది.

మీ సబ్జెక్టులో వీఆర్ ఎక్కడ పనికొస్తుందో మీరే తేల్చుకోండి. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా కంటపడని వాటికి అది బాగా పనికొస్తుంది. ఇంజెక్షన్ చేసిన రెండు నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోయే తీవ్రమైన అలర్జీ, అనఫిలాక్సిస్, ఉందనుకోండి. అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు తొడ కండకు వెంటనే ఇవ్వాలని పుస్తకంలో చదివినవాళ్లు కూడా అసలు సమయంలో డాక్టర్ కోసం పరుగెడతారు. ఆ గాభరాను పేషెంటుకు ముప్పు లేకుండా పదిసార్లు అనుభవించనివ్వడం చిన్న లాభం కాదు. ప్రసవం తర్వాత రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా ముదిరే సెప్సిస్ మొదటి గుర్తులు, గుండె ఆగినప్పుడు ఎవరెక్కడ నిలబడాలి, ఇవన్నీ ఆ కోవలోవే. నరం వేలికి తగలడం, ఎనభై కిలోల మనిషిని పక్కకు తిప్పడం, చీము పట్టిన గాయం వాసన, ‘సిస్టరమ్మా, పొద్దుట్నుంచి ఒకటే ఆయాసం, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి’ అన్న ముసలాయన మాటలో ఏది ముందు పట్టుకోవాలో తెలియడం, ఇవి వార్డులోనే వస్తాయి.

సీను పావుగంట ఆడితే అరగంట మాట్లాడించండి. ఏం చూశావు, అప్పుడేం అనుకున్నావు, ఇంకేం చేయొచ్చు? ఈ పని కంపెనీ కుర్రాడు చేయలేడు, మీరే చేయాలి. నాకు అర్థమైనంతలో మీ బాధలో కొంత భాగం ఇక్కడుంది. ఆ గదిలో మీకు చోటు లేకుండా పోయింది. అసలు ఆ గదికి ప్రాణం మీరు అడిగే ప్రశ్నలే.

వాంతులు చేసుకునే అమ్మాయికి మార్కులు తగ్గించడం అన్యాయం. కంటికి కదులుతున్నట్టు కనిపిస్తుంది, చెవి లోపలి భాగం కదలడం లేదంటుంది, ఆ పేచీకే కడుపులో తిప్పుతుంది. అది ఆమె తెలివికి కొలత కాదు. లెన్సుల మధ్య దూరం ఆమె కళ్లకు సరిచేయించండి, కుర్చీలో కూర్చోబెట్టండి, పది నిమిషాలు మించనివ్వకండి. అయినా కుదరకపోతే, హెడ్‌సెట్‌లో ఉన్నవాళ్ల సీను టీవీకి కలిపి, చూస్తూ ఆదేశాలిచ్చే టీమ్ లీడర్ పాత్ర ఇవ్వండి. ఫిట్స్ ఉన్నవాళ్లను, మైగ్రేన్ ఎక్కువగా వచ్చేవాళ్లను ముందే అడిగి తెలుసుకోండి. ఇంకొకటి, బ్రోచర్ ఫొటోల్లో కనిపించనిది. నూనె రాసిన ముడి మీద ఆ పట్టీ నిలవదు. పది హెడ్‌సెట్లు తరగతి మొత్తానికి తిరుగుతుంటే ముఖానికి తగిలే స్పాంజి సంగతేమిటి? మనిషికో కవర్, మధ్యలో తుడవడం లేకపోతే కళ్లకలక వచ్చిందంటే క్లాసంతా ఎర్రకళ్లే. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ పాఠం ఆ గదిలోనే మొదలుపెట్టచ్చు.

ఇక సంతకం.

పెట్టేస్తే ఈ నెలకు ఇల్లు ప్రశాంతం. మీవారి మాటలో నిజముంది, లోన్ చిన్న విషయం కాదు. కానీ మీ పిల్లల్లో కొందరు రేపు గల్ఫ్‌కో, జర్మనీకో, అమెరికాకో వెళ్తారు. అమెరికా వెళ్లేవాళ్ల చదువు సరిచూసే సీజీఎఫ్ఎన్ఎస్ (2025 నుంచి దాని పేరు ట్రూమెరిట్) లాంటి సంస్థలు థియరీ గంటలు, క్లినికల్ గంటలు విడివిడిగా అడుగుతాయి. మీరు సంతకం పెట్టిన అంకెలే అక్కడికి వెళ్తాయి. ఎప్పుడైనా ఏ పేషెంటుకైనా జరగరానిది జరిగి విచారణ వస్తే, కరస్పాండెంట్ గారు నోటితో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు, లాగ్ బుక్‌లో మీ సంతకం ఉంటుంది. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉన్నది మీకు, ఆయనకు కాదు.

పెట్టనని ముఖం మీదే చెప్పేస్తే మనసు తేలికవుతుంది. బహుశా పోస్టింగుల బాధ్యత వేరే ట్యూటర్‌కి వెళుతుంది, ఆవిడ పెట్టేస్తుంది. మీరు నిజాయితీగా మిగులుతారు, పిల్లలకు మాత్రం వార్డు దొరకదు.

వీటి మధ్య ఇంకో దారి ఉంది. వీఆర్ గంటల్ని వీఆర్ గంటలుగానే రాయండి. లాగ్ బుక్‌లో ‘సిమ్యులేషన్’ అని విడిగా వేసి, ఏ సీను, ఎంతసేపు, చర్చ ఎవరు జరిపారు రాసి, దాని కింద నిస్సంకోచంగా సంతకం పెట్టండి. అది అబద్ధం కాదు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్‌లో సిమ్యులేషన్‌కు చోటిచ్చింది. మీ సబ్జెక్టు పేజీ ప్రింటు తీసి, ఎన్ని వారాలు వార్డులో ఉండాలో అండర్‌లైన్ చేసి, కరస్పాండెంట్ దగ్గరికి వెళ్లకుండా ముందు ప్రిన్సిపాల్ ముందు పెట్టండి. ‘మేడమ్, రేపు ఇన్‌స్పెక్షన్‌లో వార్డు అటెండెన్సు, బస్సు ట్రిప్ షీటు, లాగ్ బుక్ పక్కపక్కన పెడితే తేడా వస్తుంది’ అని ఒక్క మాట అనండి. ఇన్‌స్పెక్షన్ అన్న మాటకు ఉన్న బలం మీకు నేను చెప్పక్కర్లేదు. ఇందులోనూ నష్టం లేకపోలేదు. కరస్పాండెంట్ గారు మీ మీద గుర్రుగా ఉండచ్చు, ఈసారి ఇంక్రిమెంటు ఆగచ్చు. నోటిమాటగా వచ్చిన ఆదేశానికి ‘మీరు నిన్న చెప్పిన ప్రకారం...’ అంటూ ఒక మర్యాదపూర్వకమైన మెయిల్ పంపి ఉంచుకుంటే, ఆయన ఒక మెట్టు దిగే అవకాశం ఎక్కువ.

అదీ పనిచేయకపోతే యూనివర్సిటీకి రాయడం మిగులుతుంది. చివరి మెట్టుగానే ఉంచుకోండి. ఇంత చిన్న కాలేజీలో పేరు లేకుండా రాసినా ఎవరు రాశారో మధ్యాహ్నానికి తెలిసిపోతుంది. గుర్తింపుకు ఇబ్బందొస్తే చదువు మధ్యలో చిక్కుకునేది పిల్లలు. అలాగని ఆ దారి మూసేయమనడం లేదు. వార్డు ముఖం చూడకుండా ఒక బ్యాచ్ బయటికి వెళ్లే పరిస్థితి వస్తే, అప్పుడు రాయకపోవడమే పెద్ద నష్టం.

మీరు పాతకాలం మనిషా? 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్ ‘మిసెస్ చేజ్’ అనే నిలువెత్తు బొమ్మను తెప్పించి, దాని మీద పక్క మార్చడం, పేషెంటును కదిలించడం నేర్పించింది. సీపీఆర్ నేర్చుకునే రెసస్సీ యాన్ బొమ్మను నార్వేలో ఒక ఆటబొమ్మల వ్యాపారి 1960లో తెచ్చాడు. అంటే నర్సులు దానికి అర్ధ శతాబ్దం ముందే బొమ్మల మీద నేర్చుకుంటున్నారు. సిమ్యులేషన్ మనింటి విద్యే. మీకు నచ్చనిది యంత్రం కాదు, దాని పేరుతో పోస్టింగులు ఎత్తేయడం. రెండూ కలిపి తిడితే మీ మాట ఎవరూ వినరు.

రాజీనామా గురించి ఇప్పుడే తేల్చకండి. ఈ సెమిస్టర్ పోస్టింగు లిస్టు బోర్డుకు ఎక్కేదాకా ఆగండి. ఈలోగా వేరే కాలేజీల్లో ఖాళీల సంగతి మాత్రం చూసి పెట్టుకోండి, చేతిలో ఒక దారి ఉంటే మీటింగులో గొంతు వణకదు. మీవారికి కూడా ‘సంతకం మానేస్తాను’ అని చెప్పకుండా, ‘సంతకం పెడతాను, నిజం రాసిన దాని కింద’ అని చెప్పి చూడండి. లోన్ భయం కొంత తగ్గుతుంది.

ఆ కంపెనీ కుర్రాడితో ఒకసారి టీ తాగండి. మొత్తం మార్కు కాకుండా ఏ మెట్టు దగ్గర ఏ పిల్ల ఏం నొక్కిందో రిపోర్టు తీయగలడేమో అడగండి. కేసీఎల్ సీనులో ‘నేరుగా పుష్’ అన్న వరుస కూడా చేర్చి, దాన్ని నొక్కితే మానిటర్ మీద గుండె గీత ఏమవుతుందో చూపించగలరా అని అడగండి. ఒప్పుకుంటే ఆ సీను మీరే రాసివ్వండి, వచ్చే బ్యాచ్‌ను పోస్టింగుకు పంపేముందు దాంతో మొదలుపెట్టచ్చు.